నాలుగేళ్ల పాప ఫైలు వచ్చింది, రెండు వారాల్లో చెప్పమంటున్నారు: వైకల్యమున్న బిడ్డను వేరే దేశం నుంచి దత్తత తీసుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. మీకు తొమ్మిదేళ్ల బాబు ఉన్నాడు. రెండో బిడ్డను మరో దేశం నుంచి దత్తత తీసుకోవాలని దరఖాస్తు పెట్టుకున్నారు, హోమ్ స్టడీ, అంటే మీ ఇంటినీ కుటుంబాన్నీ చూసి చేసే విచారణ కూడా అయిపోయింది. ఇప్పుడు ఏజెన్సీ వాళ్లు ఒక నాలుగేళ్ల పాప ఫైలు పంపారు. అందులో 'స్వల్ప సెరిబ్రల్ పాల్సీ (మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కదలికలు దెబ్బతినడం), మాట ఆలస్యం' అని రాసి ఉంది. రెండు వారాల్లో ఏ సంగతో చెప్పాలి. ఆ ఫైలును ఎంతవరకు నమ్మొచ్చు, ఈ బాధ్యత మావల్ల అవుతుందా, పుట్టిన దేశం నుంచి తీసుకురావడం పాపకు న్యాయమేనా అని మూడు అడిగారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలే దొరుకుతుంటే తెలిసి తెలిసి ఎందుకీ తలనొప్పి అని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారని కూడా రాశారు.

నేను పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డాక్టర్ని. పద్దెనిమిదేళ్లుగా దత్తతకు వెళ్లే కుటుంబాల కోసం ఇలాంటి ఫైళ్లు చదువుతున్నాను. ఆ పిల్లలు ఇళ్లకు చేరాక వాళ్లను చూసేదీ చాలావరకు నేనే. అందుకని కాగితం మీద ఏముంది, గదిలోకి నడిచొచ్చిన బిడ్డలో ఏముంది అన్నది పక్కపక్కన పెట్టి చూసే అవకాశం నాకు దొరికింది.

ముందు సూటిగా జవాబు. తీసుకోవచ్చు. కానీ 'స్వల్ప' అన్న మాటను ఫైల్లోంచి కొట్టేసి ఆలోచించండి. ఈ పాప ఎప్పటికీ సొంతంగా నడవలేదు, నాలుగు మాటలు కలిపి చెప్పలేదు అనుకోండి. అప్పుడు కూడా 'మా అమ్మాయే' అని మీ ఇద్దరి నోటా వస్తే, అవునని చెప్పండి. 'మన దగ్గర మంచి వైద్యం ఉంది, రెండేళ్లు థెరపీ చేయిస్తే మామూలైపోతుంది' అన్న ఆశ ఒక్కటే ఆధారమైతే, ఈ పాపకు వద్దని చెప్పండి. వద్దనడంలో పాపం లేదు. ఒప్పుకుని తీసుకొచ్చాక మనసు మార్చుకుంటే ఆ పాపకు రెండోసారి ఇల్లు పోతుంది.

ఫైలు నేను చూడలేదు కాబట్టి మీ పాప గురించి తీర్పు చెప్పను. ఎలా చదవాలో మాత్రం చెప్తాను.

ఫైల్లో మాటలకన్నా అంకెలను నమ్మండి, అంకెలకన్నా వీడియోను నమ్మండి. స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అనేవి రాసేవారిని బట్టి మారిపోతాయి. మంచం దిగలేని పిల్లలు ముప్ఫై మంది ఉన్న గదిలో, గోడ పట్టుకుని నిలబడే పిల్ల ఎవరికైనా స్వల్పంగానే కనిపిస్తుంది. బిడ్డకు ఒక ఇల్లు దొరకాలన్న తపనతో కొంచెం తగ్గించి రాసేవాళ్లూ ఉంటారు, వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. దీనికి పూర్తిగా ఎదురుగా కూడా జరుగుతుంది. పాత సోవియట్ దేశాల నుంచి వచ్చే ఫైళ్లలో 'పెరినేటల్ ఎన్‌సెఫలోపతీ' అని ఉండేది, అంటే పుట్టుక సమయంలో మెదడుకు దెబ్బ తగిలిందని. మొదట్లో అది చూసి హడలిపోయేదాన్ని. చదవగా చదవగా తెలిసింది, దాదాపు ప్రతి బిడ్డ ఫైల్లోనూ అదే మాట. నెలలు నిండకుండా పుట్టినా, పుట్టగానే గట్టిగా ఏడవకపోయినా అది రాసేసేవారు. కాబట్టి జబ్బు పేరును చూసి భయపడటమూ వద్దు, ధైర్యం తెచ్చుకోవడమూ వద్దు. ఆ పేరు పెట్టడానికి ఏ పరీక్ష చేశారు, ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అని అడగండి.

నేను ఏ ఫైల్లోనైనా ముందు వెతికేది తల చుట్టుకొలత. పుట్టినప్పుడు ఎంత, ఏడాదికి ఎంత, ఇప్పుడు ఎంత. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ఎదుగుదల చార్టు మీద ఈ చుక్కలు పెట్టి గీత కలపండి. ఆ గీత కాస్త కిందుగా ఉన్నా చార్టు గీతలతో పాటే పైకి సాగుతుంటే కొంత నిశ్చింత. మొదట్లో బాగుండి రానురాను కిందికి జారుతుంటే మాత్రం కారణం వెతకాలి. ఒకే ఒక్క కొలతను నమ్మకండి. నెల తేడాలో రెండు సెంటీమీటర్లు తగ్గిపోయిన తలలు కూడా ఫైళ్లలో చూశాను. బిడ్డ తల తగ్గదు కదా, టేపు పట్టిన చెయ్యి మారి ఉంటుంది.

ఎత్తు, బరువు తక్కువగా ఉంటే అంతగా కంగారు పడొద్దు. అనాథాశ్రమాల లాంటి సంస్థల్లో పెరిగే పిల్లలు సుమారుగా ప్రతి మూడు నెలలకు ఒక నెలలో పెరగాల్సినంత ఎత్తు పోగొట్టుకుంటారని మా రంగంలో ఒక మోటు లెక్క ఉంది. తిండి సరిపోయినా ఇది జరుగుతుంది. తమదంటూ ఒక మనిషి లేని బిడ్డ ఒళ్లు ఎదగదు. ఇంటికి వచ్చాక మొదటి ఏడాదిలోనే ఎత్తు, బరువు చాలావరకు పుంజుకుంటాయి, తల అంతగా పుంజుకోదు. తలకే ఎక్కువ విలువ ఇవ్వడానికి కారణం ఇదే.

ఇక వీడియో. ఇక్కడ నా వల్ల జరిగిన ఒక తప్పు చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక మూడేళ్ల పిల్ల ఫైలు వచ్చింది. 'మేధో వైకల్యం, మాటలు లేవు' అని ఉంది. నలభై సెకన్ల వీడియో. పిల్ల ఒక రంగు డబ్బాను మూత పెట్టి తీస్తూ కూర్చుంది, పిలిస్తే పలకలేదు. ఫైల్లో రాసింది నిజమే అయి ఉంటుందని ఆ కుటుంబానికి చెప్పాను. వాళ్లు వద్దనుకున్నారు. ఎనిమిది నెలలకు అదే పిల్ల ఫైలు ఇంకో కుటుంబం చేతుల్లో నా దగ్గరకు వచ్చింది, ఈసారి వీడియో పెద్దది. అందులో ఒకచోట వెనకాల ఎవరిదో చేతిలోంచి స్టీలు గిన్నె జారి పడుతుంది. గదిలో పిల్లలందరూ ఉలిక్కిపడి తిరిగారు. ఈ పిల్ల తిరగలేదు, డబ్బా మూత పెడుతూనే ఉంది. కాసేపటికి ఆయా ముందుకు వచ్చి నవ్వితే ఆమె పెదవులనే చూస్తూ నవ్వింది. వీడియో అక్కడే ఆపేసి వినికిడి పరీక్ష చేయించమని ఉత్తరం రాశాను. ఆ పిల్లకు పుట్టు చెవుడు. తెలివికి ఏ లోటూ లేదు. ఆ రెండో కుటుంబం సైగల భాష నేర్చుకునే తీసుకొచ్చింది. ఇప్పుడు ఆ అమ్మాయి హైస్కూల్లో ఉంది. ఆ ఎనిమిది నెలల జాప్యం నా ఖాతాలోదే. భాష పట్టుబడే వయసులో ఎనిమిది నెలలు చిన్న నష్టం కాదు.

అప్పటి నుంచి 'మాట ఆలస్యం' అని కనబడిన ప్రతి ఫైలుకూ నేను మొదట రాసేది ఒకటే వాక్యం: వినికిడి పరీక్ష రిపోర్టు పంపండి. మీరూ ఇవాళే అది అడగండి.

సెరిబ్రల్ పాల్సీ సంగతికి వస్తే, నాలుగేళ్ల వయసు ఒక విధంగా మీకు మేలు చేస్తుంది. మెదడుకు తగిలిన ఆ దెబ్బ ఇక పెరగదు. బిడ్డ కదలికల శక్తి ఎంతవరకు వస్తుందన్నది అయిదేళ్లు వచ్చేసరికి చాలావరకు తేలిపోతుంది. డాక్టర్లు దీన్ని జీఎంఎఫ్‌సీఎస్ అనే అయిదు మెట్ల కొలతతో చెప్తారు. మొదటి మెట్టు పిల్లలు నడుస్తారు, పరుగెత్తుతారు, కాస్త తూలుతారు. అయిదో మెట్టు పిల్లలకు మెడ నిలబెట్టుకోవడానికే సాయం కావాలి. నాలుగేళ్ల పాప ఏ మెట్టు మీద ఉందో పెద్దయ్యాక కూడా చాలావరకు అక్కడే ఉంటుంది. థెరపీ అవసరం లేదని నా ఉద్దేశం కాదు. థెరపీతో నొప్పి తగ్గుతుంది, కీళ్లు బిగుసుకోకుండా ఉంటాయి, ఉన్న శక్తిని పూర్తిగా వాడుకోవడం వస్తుంది. మూడో మెట్టు పాపను మొదటి మెట్టుకు మాత్రం తీసుకురాలేదు. కానీ ఒక హెచ్చరిక: ఈ కొలత మంచం మీదే పెరిగిన పిల్లలకు అంత కచ్చితంగా కుదరదు. ఎప్పుడూ నేల మీద వదలని పిల్ల నడవలేకపోతే, అందులో ఎంత మెదడుది, ఎంత మంచానిది అన్నది దూరం నుంచి తేల్చలేం. ఇటువైపు మీకు మంచి ఆశ్చర్యం ఎదురవ్వొచ్చు. అయినా దాని మీద లెక్క వేసుకోకండి.

కాబట్టి ఇంకో వీడియో అడగండి. నేల మీద పాప కూర్చుని ఉన్నప్పటిది, అక్కడి నుంచి లేవడానికి చేసే ప్రయత్నం, రెండు చేతులతో ఏదైనా వస్తువు పట్టుకోవడం, తినడం. తినేటప్పటి వీడియో చాలామంది అడగరు, నాకు మాత్రం అదే ముఖ్యం. నమలగలదా, మింగేటప్పుడు దగ్గు వస్తోందా అన్నది పాప ఊపిరితిత్తుల భవిష్యత్తు చెప్తుంది. మూర్ఛలు వచ్చాయా, మందులు వాడుతున్నారా, తుంటి ఎక్స్‌రే ఎప్పుడైనా తీశారా అని కూడా కనుక్కోండి. ఈ పిల్లల్లో తుంటి కీలు ఏ చప్పుడూ లేకుండా మెల్లగా జారిపోతుంటుంది.

మీ పాప జబ్బుకు సంబంధం లేకపోయినా ఈ జవాబు చదివే మిగతావాళ్ల కోసం రెండు ముక్కలు. గ్రహణం మొర్రి, వంకర పాదం లాంటివి చూడటానికి పెద్దగా కనిపిస్తాయి, వైద్యానికి బాగా లొంగుతాయి. కాకపోతే మొర్రి అంటే ఒక్క ఆపరేషన్ అనుకోకండి, చెవులు, పళ్లు, మాట అన్నీ పదహారు పదిహేడేళ్లు వచ్చేదాకా చూసుకోవాలి. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది, ఎకో (గుండె స్కాన్) రిపోర్టు లేకుండా ఏ నిర్ణయమూ వద్దు. హెచ్ఐవీ పేరు వినగానే ఫైలు మూసేస్తారు. నిజానికి రోజూ మందు వేసుకుంటే ఆ బిడ్డ ఆయుష్షు మిగతా పిల్లలకు దగ్గరగానే ఉంటుంది. తల్లి గర్భంతో ఉన్నప్పుడు బాగా మద్యం తాగిన కేసుల్లో మాత్రం ఫైలు ఎంత బాగున్నా జాగ్రత్తగా ఉండమంటాను. ఆ దెబ్బ ముఖంలో కొద్దిగానే కనిపించి, నడవడికలో జీవితాంతం ఉండిపోవచ్చు.

వైకల్యం వేరు, సంస్థలో పెరగడం వల్ల వచ్చే దెబ్బ వేరు. మీరు రెండింటికీ సిద్ధపడాలి. పద్దెనిమిదేళ్లలో నేను నేర్చుకున్నదాంట్లో దీనికే మొదటి చోటు. కుటుంబాలు కాలి గురించి, చేయి గురించి, ఆపరేషన్ గురించి నెలల తరబడి చదివి వస్తారు. ఇంటికి వచ్చాక వాళ్లను కుంగదీసేది మాత్రం వేరే. బిడ్డ రాత్రంతా తల అటూ ఇటూ ఊపుకుంటుంది. దెబ్బ తగిలినా అమ్మ దగ్గరకు రాదు, ఎందుకంటే ఏడిస్తే ఎవరో వస్తారన్న అనుభవమే లేదు. బజార్లో ఎవరు చేతులు చాపినా ఎక్కేస్తుంది, నవ్వేస్తుంది. చూసినవాళ్లు ఎంత కలుపుగోలు పిల్లో అని మురిసిపోతారు. నాకు మాత్రం గుండె కలుక్కుమంటుంది, ఆ పిల్లకు ఇంకా అమ్మా, దారిన పోయేవాళ్లూ ఒకటే అన్నమాట.

రొమేనియాలో 1989లో ప్రభుత్వం కూలిపోయినప్పుడు అనాథాశ్రమాల్లో బయటపడ్డ పిల్లల మీద జరిగినన్ని పరిశోధనలు మరెక్కడా జరగలేదు. 2000లో బుకారెస్ట్‌లో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 136 మంది పిల్లలతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. వారిలో సగం మందిని పెంపుడు కుటుంబాల్లో పెట్టారు. కుటుంబంలోకి వచ్చిన పిల్లలు తెలివిలోనూ అనుబంధంలోనూ ముందున్నారు, అందులోనూ రెండేళ్లలోపు వచ్చినవాళ్లు ఎక్కువ కోలుకున్నారు. బ్రిటన్‌కు దత్తత వెళ్లిన రొమేనియా పిల్లలను మైకేల్ రట్టర్ బృందం పెద్దయ్యేదాకా గమనించింది. ఆరు నెలలలోపు సంస్థ నుంచి బయటపడ్డవాళ్లు మిగతా పిల్లల్లాగే ఎదిగారు. అంతకన్నా ఎక్కువ కాలం ఉన్నవాళ్లలో చాలామందికి ఏదో ఒక ఇబ్బంది మిగిలింది, అయినా వాళ్లలో సుమారు అయిదుగురిలో ఒకరు ఏ సమస్యా లేకుండా పెరిగారు. మీ పాప వయసు నాలుగేళ్లు. పుట్టినప్పటి నుంచీ ఆశ్రమంలోనే ఉందా, కొన్నాళ్లు అమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో పెరిగిందా, మధ్యలో పెంపుడు కుటుంబంలో ఉందా? మొదటి రెండేళ్లు ఒక మనిషి చంకలో పెరిగిన బిడ్డకు ప్రేమించడం తెలుసు. మళ్లీ ఇంకొకరిని ప్రేమించగలదు. ఈ ఒక్క వివరం మీకు ఎమ్మారై కన్నా ఎక్కువ చెప్తుంది.

మీ రెండో ప్రశ్న, మావల్ల అవుతుందా అన్నది. జబ్బు పేరు మీద ఆలోచిస్తే దీనికి ఎప్పటికీ జవాబు దొరకదు. ఒక రోజును తీసుకుని ఆలోచించండి. పొద్దున్న ఆరింటికి పాపను ఎవరు లేపుతారు, స్నానం ఎవరు చేయిస్తారు, కాళ్లకు బ్రేసులు ఎవరు కడతారు, వారానికి మూడుసార్లు థెరపీకి ఎవరు తీసుకెళ్తారు, ఆ రోజుల్లో బాబును స్కూలు నుంచి ఎవరు తెస్తారు. ఇవన్నీ ఒక కాగితం మీద ఇద్దరి పేర్లతో రాయండి. ఒకే పేరు కింద అన్నీ పడుతుంటే అక్కడ ఆగి మాట్లాడుకోండి. ఇప్పుడు నాలుగేళ్ల పాపను ఎత్తుకోవడం కష్టం కాదు. పదిహేనేళ్ల అమ్మాయిని మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చేటప్పటికి మీ నడుము వయసు ఎంతో కూడా ఆ కాగితం మీదే రాయండి. దత్తత వచ్చిన ఆడపిల్లల్లో కొందరు మామూలుకన్నా ముందే పెద్దమనుషులవుతారు, అదీ గుర్తుంచుకోండి.

ఒక కుటుంబం గురించి చెప్తాను. వెన్నుపూస లోపంతో, అంటే స్పైనా బైఫిడాతో పుట్టిన అయిదేళ్ల బాబు ఫైలు వచ్చింది వాళ్లకు. మూత్రం సొంతంగా రాదు, మూడు నాలుగు గంటలకొకసారి సన్నటి గొట్టం పెట్టి తీయాలి. ఆ తండ్రి అవునని చెప్పక ముందే నా దగ్గర ఉన్న నర్సు దగ్గర కూర్చుని బొమ్మ మీద నేర్చుకున్నాడు. నాలుగో ప్రయత్నంలో చెయ్యి కుదిరాక చెమట తుడుచుకుంటూ 'రాత్రి రెండింటికి నిద్రమత్తులో కూడా ఇది చేయగలనండీ, ఇప్పుడు ఫైలు మీద సంతకం పెడతాను' అన్నాడు. నాకు నచ్చిన సిద్ధపాటు అంటే అది. బాబు ఎనిమిదేళ్లకు ఆ పని తనే చేసుకోవడం నేర్చుకున్నాడు.

ఇంకో కుటుంబం చాలా మంచివాళ్లు, కానీ జాలితో వెళ్లారు. నరకం నుంచి ఒక బిడ్డను బయటపడేస్తున్నాం అనుకున్నారు. తీసుకొచ్చిన పాప వాళ్ల ముఖం చూసేది కాదు, పెట్టిన బట్టలు చింపేసేది, ఆయా కోసం ఏడ్చేది. ఆరు నెలలయ్యేసరికి ఆ తల్లి నా ముందు కూర్చుని 'ఇంత చేస్తే దానికి మా మీద కొంచెం ప్రేమ కూడా లేదు డాక్టర్ గారూ' అంది. ఆ బిడ్డ దృష్టిలో తనను ఎవరూ కాపాడలేదు. తెలిసిన మంచం, తెలిసిన వాసన, తెలిసిన భాష ఒక్క రోజులో పోయాయి. ఆ కుటుంబం నిలబడింది, దానికి రెండేళ్ల కౌన్సెలింగ్ పట్టింది. నిలబడనివాళ్లూ ఉన్నారు. 2010లో అమెరికాలో ఒక దత్తత కుటుంబం ఏడేళ్ల బాబును చేతిలో ఉత్తరం పెట్టి ఒంటరిగా విమానంలో మాస్కోకు తిప్పి పంపేసింది. విదేశాల నుంచి దత్తత తెచ్చిన పిల్లలను ఇంటర్నెట్లో ప్రకటనలు పెట్టి వేరేవాళ్లకు అప్పగించేస్తున్నారని 2013లో రాయిటర్స్ బయటపెట్టింది. ఇవి మిమ్మల్ని భయపెట్టడానికి రాయడం లేదు. ఇంటి నుంచి బయటకు పంపేయాలన్న ఆలోచన చాలా అలసటలోంచి వస్తుంది. అలసిపోకముందే సాయం అడగగలిగే మనుషులు మీ చుట్టూ ఎంతమంది ఉన్నారో ఇప్పుడే లెక్కపెట్టుకోండి.

మీ బాబుకు నిజం చెప్పండి. చెల్లెలు వస్తుంది, ఆడుకుంటారు అని మాత్రమే చెప్పకండి. కొన్నాళ్లు అమ్మ ఎక్కువసేపు చెల్లి దగ్గరే ఉంటుంది, నీకు కోపం వస్తుంది, కోపం వచ్చిందని నాకు చెప్పొచ్చు అని చెప్పండి. వారంలో ఒక గంట పూర్తిగా వాడిది అని పెట్టుకోండి. మీ తర్వాత చెల్లిని చూసుకునే బాధ్యత వాడి మీద పడేస్తున్నామా అన్నది మీరిద్దరే తేల్చుకోవాలి. వీలునామా, సంరక్షకుల పేర్లు, పాప పేరు మీద కొంత డబ్బు, ఇవన్నీ పాప వచ్చిన మొదటి ఏడాదిలోనే రాసి పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్ల మాటకొస్తే, వాళ్లను ఒప్పించడం మీద ఎక్కువ శక్తి పెట్టకండి. పాప ముందు 'పాపం' అన్న మాట అనకూడదు అన్న ఒక్క షరతు మాత్రం గట్టిగా పెట్టండి. మిగతాది పాప చూసుకుంటుంది.

మూడో ప్రశ్న, ఇది న్యాయమేనా అన్నది. ఆ ప్రశ్న వేసుకున్నందుకే మీ మీద నాకు గౌరవం కలిగింది. అనాథ అన్న మాటతోనే మొదలుపెడదాం. ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి అమ్మో నాన్నో ఎవరో ఒకరు బతికే ఉంటారు. వైకల్యమున్న పిల్లల విషయంలో ఇది మరీ నిజం. ఆపరేషన్‌కు డబ్బు లేక, చేర్చుకునే బడి లేక, ఆసుపత్రిలోనే వదిలేసి వెళ్లమని సలహా ఇచ్చేవాళ్లు ఉండి, ఏడుస్తూ వదిలేసిన తల్లులే చాలామంది. ఆ తల్లికి ఒక వీల్‌చైరు, నెలకు కొంత డబ్బు అందితే బిడ్డ ఇంట్లోనే ఉండేది అన్న కేసులు నా చేతుల మీదుగా వెళ్లాయి. అందుకే విదేశీ దత్తతల మీద 1993లో కుదిరిన హేగ్ ఒప్పందం ఒక వరస పెట్టింది. ముందు సొంత కుటుంబం, అది కుదరకపోతే ఆ దేశంలోనే వేరే కుటుంబం, అదీ దొరకనప్పుడే విదేశీ దత్తత. తల్లి అనుమతి డబ్బుతో కొన్నది కాకూడదని కూడా అందులో ఉంది. వైకల్యమున్న పిల్లలకు కూడా కుటుంబంలో పెరిగే హక్కు సమానంగా ఉందని ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం 23వ అధికరణం చెప్తుంది.

ఈ వరస తప్పిన చోట ఏం జరిగిందో ఇప్పుడిప్పుడే బయటికి వస్తోంది. దక్షిణ కొరియాలో తల్లిదండ్రులున్న పిల్లలను కూడా అనాథలని కాగితాల్లో రాసి పంపేశారని అక్కడి సత్యశోధన కమిషన్ 2025 మార్చిలో తేల్చింది. నెదర్లాండ్స్ 2021లో విదేశీ దత్తతలను నిలిపేసింది, ఆ తర్వాత పూర్తిగా ఆపేయాలని నిర్ణయించింది. ఇథియోపియా 2018లో మూసేసింది. చైనా 2024 ఆగస్టులో ఆపేసింది. 1992 నుంచి లక్షన్నరకు పైగా పిల్లలు అక్కడి నుంచి వెళ్లారు, చివరి ఏళ్లలో వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఏదో ఒక వైకల్యమున్నవాళ్లే. అమెరికా ఒక్క దేశానికే 2004లో దాదాపు 23 వేల మంది పిల్లలు వస్తే, 2023లో 1,300 లోపే వచ్చారు. మోసాలు ఆగడం మంచిదే. కానీ తలుపులు మూసిన ప్రతిచోటా ఆ వెనక కొందరు పిల్లలు మిగిలిపోయారు. చైనా నుంచి బిడ్డ ఫోటో అందుకుని, పేరు పెట్టి, గది సిద్ధం చేసుకున్న కుటుంబాలు వందల్లో ఉన్నాయి. ఆ పిల్లల్లో కొందరికి, వీళ్లే మీ అమ్మానాన్నలు అని ఆ కుటుంబాల ఫోటోలు కూడా చూపించారు.

నా అభిప్రాయం అడిగితే ఇది. వరస నిజంగా పాటించి, అన్ని తలుపులూ తట్టి చూశాక కూడా ఒక బిడ్డకు మంచమే మిగిలితే, దేశం మారడం కన్నా ఆ మంచం పెద్ద అన్యాయం. సంస్థలో ఎదిగిన వైకల్యమున్న పిల్లలు చాలాచోట్ల పెద్దవాళ్ల సంస్థకు మారిపోతారు, అక్కడే ఉండిపోతారు. కాబట్టి మీ ఏజెన్సీని మొహమాటం లేకుండా అడగండి. పాప తల్లి ఎవరో తెలుసా, తండ్రి తెలుసా? తల్లి అనుమతి రాతపూర్వకంగా ఉందా, పుట్టిన ఎన్నాళ్లకు తీసుకున్నారు? ఆ దేశంలో పాపకు కుటుంబం కోసం ఎప్పుడు, ఎంతకాలం వెతికారు? మీరు కట్టే డబ్బులో ప్రతి పద్దు ఎక్కడికి వెళ్తుంది? 'విరాళం' అన్న పేరుతో రసీదు లేని మొత్తం ఏదైనా అడిగితే, పాప ఎంత నచ్చినా అక్కడితో ఆపేయండి. ఈ ప్రశ్నలకు చిరాకు పడే ఏజెన్సీతో ముందుకు వెళ్లకండి. మంచి ఏజెన్సీ వాళ్లు ఇవి మీరు అడగకముందే చెప్తారు.

కాగితాల విషయంలో ఒక్కటి గట్టిగా చెప్తాను. పాప ఇంటికి చేరగానే పౌరసత్వం పత్రం చేతికి వచ్చేదాకా ఊరుకోవద్దు. అమెరికాలో దత్తత పిల్లలకు పౌరసత్వం తనంతట తానే వచ్చే చట్టం 2001 ఫిబ్రవరిలో గానీ అమల్లోకి రాలేదు, అప్పటికి పద్దెనిమిది నిండినవాళ్లకు వర్తించలేదు. తల్లిదండ్రులు కాగితం పెట్టడం మరిచిపోయినందుకు పెద్దయ్యాక దేశం నుంచి పంపేయబడ్డవాళ్లున్నారు. మీ దేశంలో వైకల్యమున్న బిడ్డ వీసాకు ఆరోగ్య పరీక్ష నిబంధన అడ్డు వస్తుందేమో కూడా అవునని చెప్పకముందే వలస వ్యవహారాల లాయరును అడగండి.

తీసుకొస్తే, మొదటి రెండు మూడు వారాల్లో పూర్తి వైద్య పరీక్ష చేయించండి: రక్త పరీక్షలు, హెపటైటిస్, క్షయ, కడుపులో పురుగులు, చూపు, వినికిడి. టీకాల కార్డును నమ్మాలా, మళ్లీ వేయించాలా అన్నది మీ డాక్టరు రక్తపరీక్ష చూసి చెప్తారు. ప్రాణం మీదకు రాని ఆపరేషన్ ఏదైనా కనీసం కొన్ని నెలలు వాయిదా వేయండి. అమ్మ ఎవరో తెలియని పిల్లకు ఆసుపత్రిలో నొప్పి పెడితే, ఆ నొప్పి మీ ముఖంతో ముడిపడిపోతుంది. మొదటి నెలల్లో తినిపించడం, స్నానం, నిద్రపుచ్చడం మీరిద్దరు తప్ప ఎవరూ చేయొద్దు, అమ్మమ్మ నాయనమ్మలు కూడా. వాళ్లకు కష్టంగా ఉంటుంది, అర్థమయ్యేలా చెప్పండి. దిండు కింద రొట్టె ముక్కలు దొరికితే తిట్టొద్దు. పాప చేతికి అందేచోట ఒక డబ్బాలో తిండి పెట్టి, అది ఎప్పుడూ ఖాళీ కాకుండా చూడండి. ఒక పాప పదకొండు నెలలు అలా దాచుకుంది, తర్వాత ఒక రోజు ఆ డబ్బాలో బొమ్మలు పెట్టుకుంది.

ఈ రెండు వారాల్లో మీరు చేయాల్సింది: వినికిడి రిపోర్టు, తుంటి ఎక్స్‌రే, కొత్త వీడియో, తల కొలతలన్నీ తేదీలతో అడగండి. దత్తత ఫైళ్లు చదివే అలవాటున్న పిల్లల డాక్టరుకు చూపించండి. అదే మెట్టులో ఉన్న పదేళ్ల పిల్లలున్న ఇంటికి వెళ్లి ఒక రోజంతా గడపండి, ఇద్దరూ వెళ్లండి. గడువు చాలకపోతే పొడిగించమని అడగండి, పరీక్షలు కావాలని రాతపూర్వకంగా అడిగితే చాలాసార్లు ఇస్తారు.

అవునని తేలితే, ఇప్పటి నుంచే ఆశ్రమం వాళ్లకు ఇంకో ఉత్తరం రాయండి. పాపను రోజూ ఎత్తుకునే ఆయా ఎవరు, ఆమెను పాప ఏమని పిలుస్తుంది, నిద్రపుచ్చేటప్పుడు ఏం పాడుతుంది, ఆ పాట ఫోనులో రికార్డు చేసి పంపగలరా అని. తీసుకురావడానికి వెళ్లినప్పుడు పాప కప్పుకునే దుప్పటిని అడిగి తెచ్చుకోండి, బదులుగా కొత్తవి పది ఇచ్చి రండి. ఆ పాత దుప్పటిని మాత్రం ఉతక్కండి.